అండమాన్‌లో అడవినీ సముద్రాన్నీ చూడటం: పొద్దు, పాటు, తిథి

అండమాన్ వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామంది సెల్యులర్ జైలు, రెండు మూడు బీచులు, ఒక గాజు అడుగు పడవ చూసి తిరిగొస్తారు. అడవిలో పక్షులే లేవనీ, పగడాల చోట నీళ్ళు మసకగా ఉన్నాయనీ, రాళ్ళ మీద నడిస్తే ఏమీ కనబడలేదనీ చెబుతారు. వాళ్ళు వెళ్ళిన చోట్లు సరైనవే. వేళ కుదరలేదు. ఇక్కడ ఏ జీవి ఎప్పుడు బయటికొస్తుందనేది పొద్దును బట్టి, సముద్రపు పోటుపాట్లను (నీరు పైకి రావడం పోటు, వెనక్కి పోవడం పాటు) బట్టి, చంద్రుణ్ణి బట్టి ఉంటుంది. టికెట్లు కొనకముందే ఈ మూడూ చూసుకుంటే ఎనిమిది పది రోజుల్లో నిజంగా చాలా చూడొచ్చు.

గడియారాన్ని నమ్మకండి

అండమాన్ దీవులు దాదాపు 92 నుంచి 93 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల లెక్కన నడుస్తుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు గడియారం కన్నా దాదాపు నలభై నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు అస్తమిస్తాడు. మే నెలలో ఉదయం ఐదు కాకముందే వెలుతురు వచ్చేస్తుంది. హోటల్లో ఫలహారం చేసి ఎనిమిదింటికి బయల్దేరితే అడవిలో పక్షుల హడావిడి అప్పటికే సద్దుమణిగి ఉంటుంది. తెల్లవారక ముందే అడవి అంచున ఉండాలి. అందుకని బండివాడితో ముందు రాత్రే మాట్లాడుకోండి, తినేది కట్టించుకుని పెట్టుకోండి.

రుతువు సంగతి. మే నడుమ నుంచి నైరుతి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు వానలు, మధ్యలో తుపాన్లు. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. సముద్రం బాగా తేటగా, నెమ్మదిగా ఉండేది జనవరి నడుమ నుంచి ఏప్రిల్ దాకా. తాబేళ్ళు గుడ్లు పెట్టడం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కువ. రెండూ కలిసొచ్చేది జనవరి నడుమ నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు. అంటే పంచాంగంలో పుష్య అమావాస్య చూసుకుని, దానికి నాలుగైదు రోజుల ముందు దిగేలా టికెట్లు తీసుకోవడం అన్నిటికన్నా మంచిది.

పోటుపాట్లు తిథితో లెక్క

అండమాన్ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఈ రోజు పాటు ఏ వేళకి వచ్చిందో రేపు దానికి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా పైకొచ్చి బాగా వెనక్కి పోతుంది. అష్టమి, నవమి దగ్గర ఆ తేడా చాలా తగ్గుతుంది. అన్నిటికన్నా పెద్ద పాటు సరిగ్గా అమావాస్య నాడే ఉండదు, ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది. విదియ నాడు తీరానికి వెళ్ళినవాళ్ళకి అమావాస్య నాడు వెళ్ళినవాళ్ళకన్నా ఎక్కువ నేల బయటపడి కనిపించేది అందుకే. కచ్చితమైన వేళల కోసం సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే పట్టికలో పోర్ట్‌బ్లెయిర్ వివరాలు చూడండి. ఫోన్ యాప్‌లు కూడా పనికొస్తాయి గాని, అందులో ఎంచుకున్న చోటు పోర్ట్‌బ్లెయిరేనా, సమయం మన దేశానిదేనా అని సరిచూసుకోండి.

దీన్ని ఎలా వాడుకోవాలంటే:

రాళ్ళ గుంటలు, తీరపు జీవులు చూడటానికి అమావాస్య లేదా పౌర్ణమి దాటిన మూడు రోజులు, పగటి పాటు వేళ.

పగడాల మీద ఈదడానికి అష్టమి దగ్గరి రోజులు, నీరు నిండుగా నిలబడ్డ వేళ. ప్రవాహం తక్కువ కాబట్టి ఇసుక లేవదు, నీళ్ళు తేటగా ఉంటాయి. పాటులో ఈదితే పొట్ట కింద పగడం తగులుతుంది. మీకూ గాయం, దానికీ చావు.

మడ అడవులకి నీరు సగం దిగిన వేళ.

సముద్రంలో వెలుగులు చూడటానికి చంద్రుడు లేని రాత్రి. చేత్తో నీళ్ళు కదిపితే నీలిగా మెరిసేవి కంటికి కనబడని ఏకకణ జీవులు. వెన్నెల ఉంటే ఆ వెలుగు తెలియదు.

పేర్లు మారాయి, చోట్లు అవే

2018 డిసెంబరులో హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్, నీల్‌కి షహీద్ ద్వీప్, రాస్‌కి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. స్థానికుల నోట పాత పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. ఓడ టికెట్ల మీద కొత్త పేర్లు ఉంటాయి. రెండూ గుర్తుంటే తప్పు ఓడ ఎక్కే ప్రమాదం ఉండదు.

పక్షులు: చిడియాతాపు, సిప్పీఘాట్

పోర్ట్‌బ్లెయిర్ నుంచి దక్షిణంగా దాదాపు 25 కిలోమీటర్లు వెళ్తే చిడియాతాపు. సాయంత్రం సూర్యాస్తమయం చూడటానికి జనం పోగయ్యే చోటు అది. పక్షుల కోసమైతే తెల్లవారుజామున వెళ్ళాలి. ఊరు దాటాక దారికి రెండు వైపులా పెద్ద చెట్లు మొదలయ్యే చోట బండి ఆపించి, ఇంజను ఆర్పించి, పది నిమిషాలు కదలకుండా నిలబడండి. నడుస్తూ వెతికితే మీ అడుగుల చప్పుడే వినిపిస్తుంది.

మొదట చెవి పెట్టాల్సింది అండమాన్ పోలిగాడి అరుపుకి. అడవిలో రకరకాల పక్షులు గుంపుగా తిరిగే అలవాటు ఇక్కడ బాగా కనిపిస్తుంది. పోలిగాళ్ళు ఆ గుంపులో ముందుంటాయి. వాటి వెంట వడ్రంగి పిట్టలు, ఆకుల మధ్య పురుగులు ఏరుకునే చిన్న పిట్టలు, అదృష్టం బాగుంటే అండమాన్ ట్రీపై అనే పొడవు తోక పక్షి ఉంటాయి. ఇవి ఆగకుండా సాగిపోతాయి. గుంపు కనబడగానే వెనకపడి పరుగెత్తకండి. అది ఏ వైపు కదులుతోందో చూసి, దారి వెంట ముందుకెళ్ళి నిలబడితే అదే మీ ముందుకొస్తుంది.

ఈ దీవుల్లో తప్ప ఎక్కడా లేని పక్షులు చాలా ఉన్నాయి. నల్లటి ఒంటితో, ఎర్ర జుట్టుతో ఉండే అండమాన్ వడ్రంగి పిట్ట పెద్దది, చెట్టు మీద కొట్టే చప్పుడుతోనే దొరికిపోతుంది. అండమాన్ పాముల గద్ద ఎండెక్కాక పొద అంచున కొమ్మ మీద కూర్చుంటుంది. గోధుమ రంగు జెముడు కాకి నేల మీదే తిరుగుతుంది. అండమాన్ అడవి పావురం ఈ కేంద్రపాలిత ప్రాంతపు పక్షి. అది ఎత్తైన చెట్ల మీద పండ్లు తింటూ కదలకుండా కూర్చుంటుంది కాబట్టి, కింద రాలిన పండ్లు కనబడితే తల పైకెత్తి ఓపిగ్గా వెతకాలి.

అదే చిడియాతాపులో చీకటి పడ్డాక గుడ్లగూబలు. చిన్న స్కాప్స్ గుడ్లగూబ, రెండు రకాల బూబుక్ గుడ్లగూబలు ఇక్కడివే. పక్షి కూత ఫోన్‌లో మోగించి పిలిచే అలవాటు కొందరు గైడ్లకి ఉంది. ఒప్పుకోవద్దు. తన చోటులోకి ఇంకో పక్షి వచ్చిందనుకుని అది వేట మానుకుని వచ్చి అరుస్తుంది. సీజన్‌లో రోజూ ఎవరో ఒకరు ఇదే పని చేస్తే ఆ జంట అక్కడ గూడు పెట్టడమే మానేసే ప్రమాదం ఉంది. ఒక ఫొటో కోసం ఆ పని చేయించడం తగదు.

సిప్పీఘాట్ కథ వేరు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచింది, దక్షిణ అండమాన్ కిందికి కుంగింది. ఉత్తరాన సముద్రపు అడుగున ఉన్న పగడాలు గాలిలోకి తేలి చచ్చిపోయాయి. దక్షిణాన సిప్పీఘాట్ చుట్టుపక్కల పొలాల్లోకి ఉప్పునీరు చేరి అక్కడే నిలిచిపోయింది. వరి పండిన ఆ నేల ఇప్పుడు నీటిపక్షుల చిత్తడి. కంటి చుట్టూ తెల్లటి వలయం ఉండే అండమాన్ టీల్ అనే బాతుని చూడటానికి ఇంతకన్నా తేలికైన చోటు లేదు. ఉదయం ఆరులోపు వెళ్ళండి, గట్టు మీదే ఉండండి, సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకోండి. ఎదురెండలో బాతులన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి.

బైనాక్యులర్ 8x42 సరిపోతుంది. 10 రెట్లవి చేతిలో ఊగుతాయి, దట్టమైన అడవి నీడలో వెలుతురూ తక్కువిస్తాయి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాని బయట వెంటనే తీయకండి. అద్దం లోపలి వైపు కూడా ఆవిరి పట్టి అరగంట పోతుంది. ముందు రాత్రి సంచిలో పెట్టి జిప్పు మూసి గది బయట వరండాలో ఉంచితే ఈ బాధ లేదు.

పక్షుల కోసం నడిచేటప్పుడు కొబ్బరి, అరటి చెట్ల కాండాలు కూడా చూస్తూ పోండి. మెరిసే ఆకుపచ్చ ఒంటి మీద ఎర్రటి మచ్చలుండే బల్లి కనిపిస్తే అది అండమాన్ పగటి బల్లి. దీని దగ్గరి బంధువులు మడగాస్కర్ దీవుల వైపు ఉన్నాయి. చాలామంది దీని పక్కనుంచే నడిచి వెళ్ళిపోతారు.

మడ అడవులు: బరాటాంగ్, ధనీనాలా

బరాటాంగ్ దీవిలో సున్నపురాయి గుహలకి తీసుకెళ్ళే స్పీడ్ బోటు మడ అడవి మధ్యలోంచి పోతుంది. అందరూ గుహ కోసమే వెళ్తారు. అసలు చూడాల్సింది ఆ దారి. చివర్లో కాలువ సన్నబడి, కొమ్మలు పైన కలిసిపోయే చోట బోటుని నెమ్మదిగా నడపమని ఎక్కేముందే అడగండి. ఎక్కాక చెబితే ఇంజను మోతలో వినబడదు.

వేర్లు చూసి చెట్టుని పోల్చొచ్చు. కాండం నుంచి వంపు తిరిగి బురదలోకి దిగే ఊతవేర్లు ఉంటే ఉప్పు పొన్న జాతి. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచినవి మడ చెట్టు శ్వాసవేర్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి ఆ చెట్లు వేళ్ళను పైకి పంపి గాలి పీలుస్తాయి. వాటి మీద కాలేసి తొక్కితే చెట్టు ఊపిరి తీసుకునే దారే మూసినట్టు.

నీరు సగం దిగిన వేళ ఎందుకంటే, అప్పుడు బురద గట్లు బయటపడతాయి. ఒక డెక్క పెద్దగా ఉండే పీతలు దాన్ని ఊపుతూ కనిపిస్తాయి, బురదలో గెంతే చేపలు బయటికొస్తాయి, వాటి కోసం లకుముకి పిట్టలు కింది కొమ్మల మీద వాలతాయి, మొసలి ఉంటే గట్టెక్కి ఎండ కాగుతుంది. నీరు పూర్తిగా దిగితే సన్న కాలువలోకి బోటు పోలేదు. నిండుగా ఉంటే ఆకులు, నీళ్ళు తప్ప ఏమీ కనబడదు.

గుహలో గోడల మీద చెయ్యి పెట్టకండి. చర్మపు జిడ్డు అంటిన చోట సున్నం పేరుకోవడం ఆగిపోతుంది.

బోటు ఇష్టం లేనివాళ్ళకి రంగత్ దగ్గర ధనీనాలా ఉంది. మడ అడవి మీదుగా అర కిలోమీటరుకు పైగా చెక్క నడకదారి, అది దిగితే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక తీరం. పాటు దిగుతున్నప్పుడు ఆ చెక్కల మీద ఒక చోట కూర్చుని కిందికి చూస్తుంటే గంట తెలియకుండా గడిచిపోతుంది.

బరాటాంగ్ దారి జారవా గిరిజనుల కోసం కేటాయించిన రక్షిత ప్రాంతంలోంచి పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర బండ్లన్నీ వరసగా ఆగి, పోలీసుల వెంట ఒకేసారి కదులుతాయి. దారిలో ఆగడం, ఫొటో తీయడం, తినేవి ఇవ్వడం 1956 నాటి ఆదిమ జాతుల రక్షణ నిబంధనల కింద నేరం. 2012 సవరణ తర్వాత జైలు శిక్షలు ఇంకా పెరిగాయి. శిక్ష సంగతి అటుంచండి. వాళ్ళు మనుషులు, వాళ్ళ ఇంటి నడుమ నుంచి మనం పోతున్నాం. ఫోన్ సంచిలో పెట్టండి, అద్దం ఎక్కించండి. మీ బండివాడు "జారవాలని చూపిస్తా" అంటే ఆ బండి వద్దు.

తీరం: షహీద్ ద్వీప్‌లో పాటు వేళ

లక్ష్మణ్‌పూర్ రెండో బీచులో రాతి వంతెన దగ్గర సముద్రం వెనక్కి పోయినప్పుడు పాత పగడపు రాతి నేల బయటపడుతుంది. అందులో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో లోకం. పాటు అన్నిటికన్నా కిందికి చేరే సమయానికి గంటన్నర ముందు అక్కడుండండి. వెనక్కి పోయే నీటి వెంట నెమ్మదిగా నడుస్తూ దూరం పోయి, నీరు తిరిగిన పావుగంటకే వెనక్కి రావడం మొదలుపెట్టండి. చాలామంది పాటు వేళకి హోటల్ నుంచి బయల్దేరతారు. చేరేసరికి నీరు తిరిగిపోతుంది, వాళ్ళు చూసేది తీరం అంచు మాత్రమే.

ముల్లు దిగని మందపు అడుగున్న రబ్బరు చెప్పులు, అవీ వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. ఇసుక మీద, చచ్చిన రాయి మీద మాత్రమే అడుగు పెట్టండి. గోధుమ, పచ్చ, ఊదా రంగుల్లో మెత్తగా, తడిగా మెరిసేది ఏదైనా బతికున్న పగడమే కావచ్చు. ఒక గుంట దగ్గర కూర్చుని, మీ నీడ దాని మీద పడకుండా చూసుకుని, ఐదు నిమిషాలు ఆగండి. మొదటి నిమిషంలో ఖాళీగా కనిపించిన గుంటలోంచి నక్షత్రపు చేపల్లాంటి పెళుసు నక్షత్రాలు చేతులు చాపుతాయి, ఖాళీ గుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలు నడుస్తాయి, రాయి అనుకున్నది ఆక్టోపస్ అయి కదులుతుంది. నీలి అంచులతో నోరు తెరుచుకుని ఉండేది పెద్ద ముత్యపుచిప్ప లాంటి ట్రైడాక్నా, నీడ పడితే మూసుకుంటుంది.

చేతులు పెట్టకూడనివి: శంఖువు ఆకారంలో ఉన్న అందమైన నత్తగుల్ల దేన్నీ తీయకండి, కోన్ నత్త విషపు ముల్లుతో పొడుస్తుంది, ప్రాణం పోయే ప్రమాదం ఉంది. రాతి చేప రాయిలాగే పడుకుని ఉంటుంది. దాని ముల్లు గుచ్చుకుంటే కాలిని తట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచి ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ విషం వేడికి చెడుతుంది, అందుకే చన్నీళ్ళు, ఐసు పనికిరావు. నలుపు తెలుపు చారల సముద్రపు కట్లపాము రాళ్ళ మధ్య ఒదిగి నిద్రపోతుంటుంది. విషం తీవ్రం, స్వభావం మెతక. రెండు మీటర్ల దూరం ఉంటే దానితో గొడవే లేదు.

మొసళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పునీటి మొసలి సముద్రంలో ఈదుతుంది. 2010లో హావ్‌లాక్‌లో స్నోర్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలిని చంపింది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, వాగు సముద్రంలో కలిసే చోట, చీకటి పడుతున్న వేళ నీళ్ళలోకి దిగకండి.

ఇసుక ఈగలు పొద్దున, సాయంత్రం కుడతాయి. కాళ్ళకి కొబ్బరినూనె మందంగా రాసుకుంటే అవి అందులో ఇరుక్కుంటాయి. కుట్టాక గోకితే పుండై వారాలు మానదు.

పగడాలు

వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు 1983లో ఏర్పడింది. అందులో జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకి ఒక్కో కాలంలో ఒక్కోదానికి మాత్రమే పర్యాటకులను పంపుతారు. రెండో దీవికి ఆ కొన్ని నెలలూ ఊపిరి తీసుకునే సమయం. అటవీ శాఖ అనుమతి ముందు రోజే తీసుకోండి. ప్లాస్టిక్ సంచులు రానివ్వరు.

మాస్కు సరిపోయిందో లేదో గట్టు మీదే చూసుకోండి. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చి చెయ్యి వదలండి. పడిపోకుండా ఉంటే సరిపోయినట్టు. మీసం ఉన్నవాళ్ళకి పై పెదవి దగ్గర నీరు కారుతుంది, కొంచెం వ్యాజలిన్ రాస్తే ఆగుతుంది. నీళ్ళలో నిలబడకూడదు. అలసిపోతే వెల్లకిలా తేలండి. నిలబడ్డ చోట విరిగే కొమ్మ పగడం పెరగడానికి ఏళ్ళు పడుతుంది. క్రీములు రాసుకునే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి, వీపు కాలదు, నీళ్ళలో రసాయనాలూ కలవవు.

పగడాలు తెల్లగా కనిపిస్తే అవి వేడికి తమలో ఉండే నాచుని బయటికి తోసేశాయని అర్థం. 1998, 2010, 2016 సంవత్సరాల్లో అండమాన్‌లో ఇది పెద్ద ఎత్తున జరిగింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం సముద్రపు వేడిని గమనిస్తూ దీనిమీద హెచ్చరికలు ఇస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళేవాళ్ళు అవి చూసుకోవాలి. హెచ్చరిక ఉన్నప్పుడు నీరసించిన పగడాల జోలికి పోకుండా బోటు అద్దంలోంచి చూసి రావడం మంచిది.

తాబేళ్ళు: కాలీపూర్

డిగ్లీపూర్ పోర్ట్‌బ్లెయిర్ నుంచి రోడ్డు మీద పది, పన్నెండు గంటలు. ఆ దూరం భయపెట్టి చాలామంది మానేస్తారు, అది పెద్ద నష్టం. కాలీపూర్ తీరానికి ఆలివ్ రిడ్లీ, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ నాలుగూ వస్తాయని పేరు. ఎక్కువగా కనిపించేది ఆలివ్ రిడ్లీ. అటవీ శాఖవాళ్ళు రాత్రి తీరం వెంట తిరుగుతూ గుడ్లు సేకరించి కంచె వేసిన ఇసుకలో పూడుస్తారు. వాళ్ళతో కలిసే వెళ్ళండి, ఒంటరిగా వద్దు.

తెల్ల టార్చి, ఫ్లాష్ రెండూ నిషేధం. తాబేలు నీళ్ళలోంచి బయటికొచ్చేటప్పుడు ఏ వెలుగు కనబడినా గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. అది గొయ్యి తవ్వి గుడ్లు పెట్టడం మొదలుపెట్టేదాకా దూరంగా, కూర్చుని, మౌనంగా ఉండాలి. తర్వాత సిబ్బంది పిలిస్తే వెనక వైపు నుంచి దగ్గరికి పోవచ్చు. తల వైపు ఎప్పుడూ పోవద్దు. ఒక గూట్లో వంద దాకా గుడ్లుంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది.

తాబేలు కనబడకపోతే తెల్లవారుజామున జాడలు చూడండి. ఎడమ కుడి కాళ్ళ గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి ఉంటే రిడ్లీ లేదా హాక్స్‌బిల్. రెండు వైపులా సమానంగా జతలుగా ఉంటే పచ్చ తాబేలు లేదా లెదర్‌బ్యాక్, ఆ జాడ మీటరున్నర పైన వెడల్పుంటే లెదర్‌బ్యాకే.

అక్కడి దాకా వెళ్ళాక శాడిల్ పీక్ ఎక్కొచ్చు. 732 మీటర్లు, అండమాన్ నికోబార్ దీవులన్నిటిలోకెల్లా ఎత్తైన కొండ. ఒక వైపు సుమారు 8 కిలోమీటర్లు, మొదట తీరం వెంట, తర్వాత నిటారుగా. అనుమతి తీసుకుని తెల్లవారుజామునే మొదలుపెట్టండి, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, వాన పడ్డ రోజుల్లో జలగల కోసం పొడవు మేజోళ్ళు. దారిలో కనిపించే పెద్ద పడౌక్ చెట్లు మన ఎర్రచందనం ప్రజాతికి చెందినవే.

వెనక్కి వచ్చేటప్పుడు

తీరంలో దొరికిన పగడపు ముక్క చచ్చినదైనా, తెల్లబడినదైనా తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, విమానాశ్రయంలో సామాను చూసేటప్పుడు పట్టుకుంటారు. ఖాళీ గుల్ల సన్యాసి పీతకి ఇల్లు.

ఓడలు గాలివానకి రద్దవుతాయి. డిగ్లీపూర్‌నీ, షహీద్ ద్వీప్‌నీ యాత్ర మొదట్లో, మధ్యలో పెట్టుకోండి. విమానానికి ముందు రోజు మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. ఆ రోజు ఖాళీగా మిగిలితే సిప్పీఘాట్‌కి తెల్లవారుజామున ఇంకోసారి పోవచ్చు.